స్లాబు కింద నాగూర్ మేస్త్రి

2000 సంవత్సరం జూన్ నెలలో, ప్రత్తిపాడు ఊరి బయట కట్టబోయే ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి స్ట్రక్చరల్ ఇంజనీరుగా నన్ను పెట్టుకున్నారు. గుంటూరు బ్రాడీపేటలో నేను ఆఫీసు తెరిచి అప్పటికి ఇరవై రెండేళ్ళు. స్ట్రక్చరల్ ఇంజనీరు అంటే ఏం చేస్తాడని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో పక్క కుర్చీవాళ్ళు అడుగుతుంటారు. భవనం ఎలా కనపడాలో ఆర్కిటెక్టు చూసుకుంటాడు. అది ఎలా నిలబడాలో లెక్క కట్టేది మేము. పునాది ఎంత లోతు, స్తంభం ఎంత మందం, స్లాబులో ఏ సైజు ఇనుము ఎంత దూరానికొకటి, ఇవన్నీ మా డ్రాయింగులో ఉంటాయి. భవనం బాగుంటే మెచ్చుకోలు ఆర్కిటెక్టుకి వెళుతుంది, బీట కనిపిస్తే ఫోను మాకు వస్తుంది. ముప్పై నాలుగేళ్ళ వృత్తిలో దానికి అలవాటు పడిపోయాను.

యజమాని కోటేశ్వరరావు గారు మిర్చి రైతు. పంట చేతికొచ్చిన ప్రతిసారీ గుంటూరు కోల్డ్ స్టోరేజీల ముందు బస్తాలతో పడిగాపులు కాసి కాసి విసిగిపోయి, తన తోడల్లుళ్ళిద్దరితో కలిసి సొంతంగా ఒకటి కట్టుకోవాలని నిశ్చయించుకున్నారు. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి. ఏదీ కడుపులో దాచుకునే మనిషి కాదనుకున్నాను. మొదటిసారి ఆఫీసుకు వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోకుండానే, "ఫిబ్రవరికల్లా కాయ కోతకొచ్చిద్దండీ. అప్పటికి నా గదులు చల్లబడాలి. మీరు గీతలు ఎంత లావుగా గీసినా నాకేం అడ్డం లేదు, తొందరగా గీయండి" అన్నారు.

ఆ ఏడాది మా బల్లల మీదికి ఒక కొత్త వ్యవహారం వచ్చింది. భవన నిర్మాణ కార్మికుల భద్రత గురించి ఢిల్లీలో చట్టం అంతకు కొన్నేళ్ళ ముందే చేశారు. దాని కింద రాష్ట్రం నిబంధనలు రాసుకుని, అవి జిల్లాలకు చేరి, వాటిని పాటిస్తున్నామని రాసివ్వమని బ్యాంకులు అడగటం మొదలుపెట్టేసరికి ఇంత కాలం పట్టింది. అప్పటిదాకా పనిలో ప్రమాదం జరిగితే అది కాంట్రాక్టరుకీ కూలీలకీ మధ్య గొడవ. కొత్త నిబంధనలు అందులోకి ఇంకో ఇద్దర్ని లాగాయి. ఒకరు కట్టించుకునే యజమాని, ఇంకొకరు డిజైను చేసే నాలాంటివాడు. గీత గీసేటప్పుడే, ఆ గీతను నిజంగా కట్టబోయే మనిషికి ఎక్కడ ప్రమాదం ఉందో డిజైనరు ఆలోచించాలి. పని ఏ పద్ధతిలో చేయాలో రాసి సంతకం పెట్టాలి. ఆ రాతకు తగ్గ సామానూ వ్యవధీ యజమాని ఇవ్వాలి. ఈ పనికి మేము రాసుకున్న ఒప్పందంలో, నా సంతకం లేకుండా ఏదీ మార్చకూడదనే షరతు కూడా చేరింది. మా ఇంజనీర్ల సమావేశంలో ఒక అధికారి ఈ నిబంధనలన్నీ వివరిస్తుంటే వెనక వరసలో మేమంతా గొణుక్కున్నాం. నేను కాస్త గట్టిగానే గొణిగాను. ఇంటికి వచ్చి చదివాక మాత్రం సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళలో నేను గీసిన ఏ డ్రాయింగులోనూ కట్టే మనిషి లేడు.

అన్నిటికంటే ముఖ్యం సెంట్రింగ్. పోసినప్పుడు కాంక్రీటు తడి ముద్ద. అది గట్టిపడేదాకా మోయటానికి కింద రేకులు పరిచి, ఆ రేకుల్ని బాదుల మీద, అంటే నిలువు కర్రల మీద నిలబెడతారు. ఆ తాత్కాలిక కట్టడమే సెంట్రింగ్. మా వైపు ఎక్కువగా చీరాల తీరం నుంచి వచ్చే సరుగుడు బాదులే వాడేవాళ్ళు. స్లాబు లెక్క నాది, సెంట్రింగ్ లెక్క మేస్త్రిది. ఆ రెండో లెక్క ఏ కాగితం మీదా ఉండేది కాదు.

నాగూర్ మేస్త్రి లెక్కంతా ఆయన చేతికర్రలో ఉండేది. ఆయనది పర్చూరు. నాకంటే పదేళ్ళు పెద్ద. 1979లో చిలకలూరిపేట దగ్గర ఒక బడి భవనానికి నేను స్లాబు తనిఖీకి వెళితే, అక్కడ సెంట్రింగ్ ఆయనది. అప్పటి నుంచి నా మాట చెల్లే ప్రతి పనికీ ఆయన ముఠానే పిలిపించేవాణ్ణి. సన్నటి మనిషి, తలకు చారల తువ్వాలు, చెవి మీద పెన్సిలు. ఆ పెన్సిలు దేనికో నాకు తెలియదు, దాంతో ఆయన రాయగా నేను చూడలేదు. స్లాబు వేసే రోజు పొద్దున నాలుగడుగుల తుమ్మకర్ర పట్టుకుని కిందికి వెళ్ళి, ప్రతి బాదునీ నడుమెత్తున ఒకసారి కొట్టి వినేవారు. బిగువుగా ఉన్న బాదు ఒకలా పలుకుతుంది, వదులుగా ఉన్నది ఇంకోలా పలుకుతుంది. ఆ తేడా నాకు చాలా ఏళ్ళకు గాని పట్టుబడలేదు. ఆయనకు పక్కన కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతున్నా తెలిసేది. వదులు బాదు అడుగున చెక్కముక్క దూర్చి, సుత్తితో ఒక్కటిచ్చి, మళ్ళీ వినేవారు. బాదులన్నీ పూర్తయ్యాక బయటికి వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, నాతో ఒకే మాట అనేవారు: "కానివ్వండి."

ఆ మాట అయ్యాకనే యజమాని కొబ్బరికాయ కొట్టేవాడు. కాయ కొట్టాక ఇక ఆ రోజంతా ఎవరూ చెడు మాట అనకూడదు. పడటం, విరగటం, కుంగటం లాంటి మాటలు మా పనివాళ్ళ నోట స్లాబు రోజున రావు. ఏదైనా అనుమానం చెప్పాల్సి వస్తే, "ఫలానా చోట కాస్త చూసుకోండి" అంటారు. అంతే.

కాంక్రీటు పడటం మొదలయ్యాక అందరూ పైన, నాగూర్ మేస్త్రి ఒక్కరే కింద. బాదుల మధ్య తిరుగుతూ, కొడుతూ, వింటూ ఉండేవారు. అప్పుడప్పుడు నేను నిలబడ్డ చోటికి సరిగ్గా కిందికి వచ్చి రేకు మీద కర్రతో రెండు దెబ్బలు కొట్టేవారు. కింద బాగుంది, పోసుకోండి అని దాని అర్థం. ఒక్క దెబ్బ అయితే ఆపమని. ఆ రెండు దెబ్బలు చెవికి వినపడేవి కావు, అరికాళ్ళకు తెలిసేవి. ఒకసారి, పరిచయమైన కొత్తల్లో, అలా కింద నిలబడటం భయం కాదా అని అడిగాను. "నా సెంట్రింగ్ కింద నేను నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారు సార్" అన్నారు. ఆ మాట నాకు తెగ నచ్చి పదిమందికీ చెప్పాను. మెచ్చుకోవటం తేలిక. ఆయన అక్కడ నిలబడాల్సిన అవసరం లేకుండా చేయటం నా పని అని మాత్రం నాకు తట్టలేదు.

ఇప్పుడు డెబ్భై దాటాను. నీ ఉద్యోగంలో తిరిగి కావాలనిపించేది ఏదైనా ఉందా అని అడిగితే నేను చెప్పగలిగేది ఆ రెండు దెబ్బలే. ఎండలో, తడి కాంక్రీటు వాసన మధ్య, వందమంది కేకల మధ్య నిలబడి ఉండగా, కంటికి కనపడని ఒక మనిషి కింద నుంచి నాకు ధైర్యం చెప్పేవాడు. అలాంటి ధైర్యం నాకు ఆ తర్వాత ఏ కంప్యూటరూ ఇవ్వలేదు.

కోల్డ్ స్టోరేజీ ముందు భాగంలో లారీలు వచ్చి నిలిచే హాలు ఉంటుంది. దాని స్లాబు పద్దెనిమిది అడుగుల ఎత్తున. మామూలు ఇంటి స్లాబు పదడుగులే. బాదు పొడవు పెరిగేకొద్దీ బరువు పడినప్పుడు పక్కకు వంగిపోయే గుణం పెరుగుతుంది. నిబంధనల పుణ్యమా అని జీవితంలో మొదటిసారి నేను సెంట్రింగ్‌కు డ్రాయింగు గీశాను. బాదులు ఎంతెంత దూరాన ఉండాలి, అతుకులు లేని పొడవాటి బాదులే ఎందుకు వాడాలి, మూడు ఎత్తుల్లో అడ్డకట్లు ఎలా కట్టాలి, ప్రతి బాదు అడుగునా చెక్క ఎంత వెడల్పు ఉండాలి, అన్నీ చూపించాను. చెక్కల కింద నేల అంతా గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టినదై ఉండాలని రాశాను. చివర ఒక వాక్యం చేర్చాను: కాంక్రీటు పోస్తున్నంతసేపూ సెంట్రింగ్ కింద ఎవరూ ఉండరాదు. ముఠాకు అర్థం కావాలని తెలుగులోనే రాశాను.

అది రాస్తున్నప్పుడు నాగూర్ మేస్త్రి గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చారు. ఆయన్ని కాపాడుతున్నానని సంతోషపడ్డాను కూడా. పర్చూరు బస్సెక్కి వెళ్ళి ఆయనతో ఒక మాట మాట్లాడదామని మాత్రం అనుకోలేదు.

సెప్టెంబరులో డ్రాయింగు ఆయన చేతికిచ్చాను. తెలుగు కూడబలుక్కుని చదివేవారు గాని, గీతలు నాకంటే వేగంగా చదివేవారు. మోకాళ్ళ మీద పరుచుకుని చాలాసేపు చూశారు. బాదుల దూరం చూసి, "దగ్గరగానే పెట్టారు, మంచిది" అన్నారు. అడ్డకట్లు చూసి తలాడించారు. చివరి వాక్యం కింద వేలు జరుపుకుంటూ చదివి, "ఇది ఎవరి కోసమండీ?" అని అడిగారు. "అందరి కోసం మేస్త్రి గారూ, రూలు వచ్చింది" అన్నాను. ఆయన డ్రాయింగు మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఆ అందరిలో ఆయన తనను కలుపుకోలేదని నాకు తెలియలేదు.

కార్తీక మాసంలో స్లాబుకు ముహూర్తం పెట్టారు. దానికి వారం ముందు వాయుగుండం పట్టి మూడు రోజులు వాన వదల్లేదు. చేలల్లో విచ్చుకున్న పత్తి తడిసి నల్లబడింది. వాన వెలిశాక వెళ్ళి చూశాను. హాలు లోపల ఎర్రటి గ్రావెల్ మీద నీళ్ళు నిలిచి లేవు. మడమతో తొక్కితే గట్టిగానే ఉంది. బాదులు, అడ్డకట్లు, అడుగు చెక్కలు డ్రాయింగు ప్రకారమే ఉన్నాయి. ఇంకో నాలుగు రోజులు ఆరనిద్దామా అన్నాను. కోటేశ్వరరావు గారు చేతులు జోడించేశారు. "ఇది దాటితే మళ్ళీ మంచి రోజు పక్షం దాటాకేనండీ. ఈలోపు ముఠా అంతా పత్తి తీతలకి పోయిద్ది. నాకు ఒక్క మనిషి దొరకడు." ఆయన చెప్పింది నిజమే. తీతలు మొదలైతే మా వైపు కట్టుబడి పనులకు మనుషులు కరువు. తనిఖీ పత్రంలో అన్ని గళ్ళలోనూ టిక్కులు పెట్టి సంతకం చేశాను.

స్లాబు రోజు నేను కాస్త ఆలస్యమయ్యాను. ముహూర్తం దాటిపోతుందని నేను వెళ్ళేసరికే కాయ కొట్టేశారు. మిల్లరుకు పసుపు కుంకుమలు పెట్టారు, తట్టల వాళ్ళు నిచ్చెన దగ్గర వరస కట్టారు. నాగూర్ మేస్త్రి కర్ర చంకలో పెట్టుకుని హాలు కిందికి వెళుతున్నారు. నేను గట్టిగా పిలిచాను. అంతమంది ముందు అలా పిలిచినందుకు ఇప్పటికీ బాధ పడుతుంటాను.

"మేస్త్రి గారూ, మీరు కూడా బయటే ఉండాలండీ."

ఆయన నవ్వారు. "నేనాండీ?"

"మీరేనండీ. రాసింది అందరికీ."

నవ్వు ఆగిపోయింది. హాలు నేల వైపు చూసి, "ఈశాన్యం మూల కాస్త చూసుకోవాలండీ" అన్నారు.

కిందికి వెళ్ళటానికి సాకు వెతుకుతున్నారనుకున్నాను. పైనుంచి నేను చూస్తానులెండి అన్నాను. కోటేశ్వరరావు గారు వాచీ చూసుకుంటున్నారు. అంతా సరిగా ఉంది కదా అని మేస్త్రిని అడిగాను. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. "డ్రాయింగులో ఉన్నట్టే ఉందండి" అన్నారు.

ఇరవై ఒక్క సంవత్సరాలు ఆయన నోట "కానివ్వండి" విన్న నేను, ఆ రోజు ఆ మాట రాలేదని గమనించలేదు. మిల్లరు వేయమని చెయ్యెత్తాను.

పని చురుగ్గా సాగింది. ముఠాలో ఆడవాళ్ళు, మగవాళ్ళు వరసలో నిలబడి తట్టలు అందించుకుంటున్నారు. నైరుతి నుంచి మొదలుపెట్టి ఈశాన్యానికి పోసుకుంటూ వస్తున్నాం. నేను ఇనుము మీద నిలబడి ఉన్నాను. అరికాళ్ళ కింద ఏ కబురూ లేదు. మొదటి గంట అది వెలితిగా అనిపించింది, తర్వాత కొత్త పద్ధతి అంటే ఇంతే కాబోలు అని సర్దుకున్నాను. నాగూర్ మేస్త్రి హాలు బయట ఇసుక గుట్ట మీద కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. రెండు మూడు సార్లు అటు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. ఈశాన్యం మూల బాదుల్నే చూస్తున్నారు. కోపంతో మొహం తిప్పుకున్నారనుకున్నాను.

మధ్యాహ్నం రెండు దాటాక, కాంక్రీటు ఈశాన్యం మూలకు చేరింది. ఆయన ఉన్నట్టుండి లేచి నిలబడటం చూశాను. ఆ వెంటనే కేక.

"కుంగుతుంది! దిగండ్రా! దిగండ్రోయ్!"

స్లాబు రోజున ఆ మాట మా పనివాళ్ళ నోట నేనెప్పుడూ వినలేదు. తట్టల వాళ్ళు వినగానే బిక్కచచ్చి నిలబడిపోయారు, నేనూ నిలబడిపోయాను. ఆయన రెండోసారి అరిచాక అందరం ఒకేసారి కదిలాం. ఆ మూల మీద ఉన్నవాళ్ళు ఇవతలికి పరిగెత్తారు. కాంక్రీటును కుదించే వైబ్రేటరు పట్టుకున్న మనిషి దాన్ని వదిలేసి నిచ్చెన మీదికి దూకి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. తర్వాత కింద బాదులు ఒకటి తర్వాత ఒకటి విరుగుతున్న చప్పుడు వచ్చింది. ఆ మూల స్లాబు ఇనుముతో, కాంక్రీటుతో సహా కిందికి దిగిపోయింది. ఒక్క మణికట్టు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. తట్టల వరసలో ఆఖరున ఉన్న ఆడమనిషి నేల మీదికి దిగాక, తన తట్ట కోసం వెతుక్కుంటూ ఏడవటం నాకు గుర్తుంది.

సాయంత్రం దాకా కూలిన భాగం తవ్వించాం. అందరూ బయటే ఉన్నారని లెక్క సరిపోయినా, కింద ఎవరైనా ఉన్నారేమోనని నాకు అనుమానం తీరలేదు. మనిషి లేడు. ముద్ద కింద నుంచి పగిలిన మట్టి ముంత ఒకటి, కూర్చోవటానికి నాలుగు మడతలు పెట్టిన గోనెసంచి ఒకటి, పక్కనే పేర్చి పెట్టిన అదనపు బాదులు, బుట్టెడు చెక్కముక్కలు బయటపడ్డాయి. ఆయన ఆ రోజు కూర్చోబోయే చోటు అది. అంత పెద్ద హాలులో మిగతా మూలలన్నీ వదిలేసి మంచినీళ్ళ ముంత అక్కడే పెట్టుకున్నారు.

నేల కూడా తవ్వి చూశాను. జానెడు మందం గ్రావెల్ కింద మొత్తం నల్లరేగడి. పునాదులు తవ్వినప్పుడు వచ్చిన మట్టినే తిరిగి నింపేసి, పైన ఎర్రగా కప్పారు. మా రేగడి ఎండి ఉన్నంతకాలం గడ్డపారకు లొంగదు, నీళ్ళు తగిలితే చెప్పు ఊడిపోయేంత మెత్తబడుతుంది. వాస్తు ప్రకారం హాలు నేల వాలు ఈశాన్యానికి పెట్టారు. మూడు రోజుల వాన నీళ్ళూ ఆ మూలకే చేరి గ్రావెల్ కింద నిలిచాయి. పైన మడమతో తొక్కి చూసిన ఇంజనీరుకి అది తెలిసే దారి లేదు. అడుగు చెక్కలు పెట్టటానికి గుంటలు చదును చేసిన మేస్త్రికి తెలుసు.

కోటేశ్వరరావు గారు దాచలేదు. అడగ్గానే చెప్పారు. గ్రావెల్ తోలే లారీలన్నీ పత్తి బోరేల మూటలు మోయటానికి పోయాయట. "మట్టి మట్టే కదా అనుకున్నానండీ. మీకు చెబితే ఆపేస్తారని చెప్పలా." అక్కడ రేగడి తగులుతోంది, అడుగు చెక్కలు ఇంకా వెడల్పువి వేయాలని మేస్త్రి ఆయనకు ముందే చెప్పారు. ఈయన, ఇంజనీరు సంతకం లేందే ఏదీ మార్చకూడదని రాసుకున్నాం, డ్రాయింగులో ఉన్నట్టే పెట్టు అన్నారు. నా షరతునే నాకు అడ్డుగోడగా కట్టారన్నమాట. ఆ పొద్దున మేస్త్రి నాకు చెప్పిన జవాబు, యజమాని ఆయనకు చెప్పిన మాటే.

విచారణ జరిగింది. మామూలుగా అయితే ఇలాంటి చోట సెంట్రింగ్ ముఠాదే తప్పని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్ళు. మేస్త్రికి మళ్ళీ ఆ జిల్లాలో పని దొరికేది కాదు. ఈసారి కాగితం ఉంది, దాని మీద నా సంతకం ఉంది. నేల పరిస్థితి స్వయంగా తవ్వించి చూడనందుకు డిజైనరుది తప్పని నేనే రాసిచ్చాను. చెప్పకుండా మట్టి మార్చినందుకు యజమానిది తప్పని తేలింది. కొన్నాళ్ళు పెద్ద పనులకు నన్ను ఎవరూ పిలవలేదు, అది న్యాయమే. కోల్డ్ స్టోరేజీ ఆ ఫిబ్రవరికి కాక పై ఏటికి చల్లబడింది.

విచారణ ముగిశాక నాగూర్ మేస్త్రి ఆఫీసుకు వచ్చారు. కుర్చీ చివర కూర్చుని, "రిపోర్టులో నా పేరుందాండీ?" అని అడిగారు. లేదని, ఆయన మీద ఏ మచ్చా రానివ్వలేదని కాస్త గర్వంగానే చెప్పాను. ఆయన తల దించుకున్నారు.

"సెంట్రింగ్ నాది కదండీ. మంచిదైనా చెడ్డదైనా నాదే గదా. అందులో నా పేరే లేకపోతే, ఇన్నాళ్ళూ ఆ పని చేసిందెవరండీ?"

  ఆ తర్వాత ఆయన సెంట్రింగ్ పని మానేశారని, ముఠా చెదిరిపోయిందని విన్నాను.

రెండేళ్ళ తర్వాత, చీమకుర్తిలో గ్రానైటు కోసే ఫ్యాక్టరీకి స్లాబు పని వస్తే, ఆ వంకతో పర్చూరు వెళ్ళాను. పొగాకు కాల్చే బ్యారన్ పక్కన పందిట్లో కూర్చుని కర్రలకు ఆకు కడుతున్నారు. చెవి మీద పెన్సిలు లేదు. స్టీలు గ్లాసులో టీ తెప్పించారు. పనికి రమ్మన్నాను, కింద నిలబడక్కర్లేదు, బాదులు చూసి చెబితే చాలన్నాను. మోకాళ్ళు పట్టేశాయండీ అన్నారు. మోకాళ్ళ వల్ల కాదని ఇద్దరికీ తెలుసు. రెండేళ్ళుగా నన్ను తొలుస్తున్నది అడిగేశాను: ఆ రోజు మీరు కింద ఉంటే ఏమయ్యేది?

ఆకు కట్టటం ఆపలేదు. "ముందే వినేవాణ్ణో, పోయేవాణ్ణో. ఇప్పుడెట్టా తెలిసిద్దండీ?" అన్నారు. ఇంకో కర్ర అందుకుంటూ, "మీరు రాసింది తప్పు కాదండీ. రేపు నా మనవడు ఈ పనిలోకొస్తే నేనూ వాణ్ణి కింద నిలబడనివ్వను. రాసే ముందు నన్నొక మాట అడిగుంటే బాగుండేది. కింద నేనేం చూస్తానో మీకు చెప్పేవాణ్ణి, నేల సంగతి కూడా మీకే చెప్పేవాణ్ణి. నన్ను బయట కూర్చోబెట్టే ముందు అదొక్కటి చేసుండాల్సింది" అన్నారు.

బయలుదేరేటప్పుడు కారు దాకా వచ్చారు. నేను లోపల కూర్చున్నాక, పైన రేకు మీద వేళ్ళతో రెండు దెబ్బలు కొట్టారు. పోనివ్వమని డ్రైవరుకు చెప్పారో, నాకు చెప్పారో తెలియదు.  2007లో ఆయన పోయారని మూడు నెలల తర్వాత ఒక తాపీ మేస్త్రి చెబితే తెలిసింది.

చీమకుర్తి పని నుంచి, నేను రిటైరైన 2012 దాకా, నా ప్రతి సెంట్రింగ్ తనిఖీ పత్రంలో ఆఖరున నేనే ఒక గడి గీసి చేర్చాను. పైన "మేస్త్రి మాట" అని శీర్షిక. మేస్త్రి ఏమన్నాడో అదే మాట, అతని భాషలోనే, అతని పేరుతో సహా అందులో రాయాలి. కొబ్బరికాయకు ముందే రాయాలి. "డ్రాయింగులో ఉన్నట్టే ఉంది" అని రాసుంటే నేను స్లాబు వేయనిచ్చేవాణ్ణి కాదు, వెళ్ళి నేల తవ్వించేవాణ్ణి. ఆఫీసులో కుర్రకారు నవ్వుకునేవాళ్ళు. ఆ గడి వల్ల మూడుసార్లు పని ఆపాను. రెండుసార్లు అనవసరంగా ఆపాను, ఒకసారి ఆపటమే మంచిదైంది.

స్లాబు వేసేటప్పుడు కింద ఎవరూ ఉండరాదన్న వాక్యాన్ని నేను ఏ డ్రాయింగులోనూ తీసేయలేదు. అది సరైన వాక్యం. కింద ఉన్న మనిషిని బయటికి పంపేటప్పుడు, అతను అక్కడ చేస్తున్న పని ఏమిటో అతన్నే అడిగి, దాన్ని ఇంకో విధంగా జరిపించే బాధ్యత డిజైనరుది. నిబంధనల పుస్తకం అంత విడమరిచి చెప్పదు. గడి గీయటానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ప్రత్తిపాడు స్లాబుకు ముందు గీసి ఉండాల్సింది.